హాస్యరసమునందు స్త్రీల అధికారము

నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున హాస్యరసమును నిరూపించుచు భరతముని, ఈ రసము స్త్రీలయందును నీచప్రకృతులయందును మిక్కిలిగా కానవచ్చునని చెప్పెను. పాఠము చెప్పునప్పుడు కొందఱు ఈ వాక్యమును స్త్రీనిందగా తలచి త్వరగా దాటిపోవుదురు. మఱికొందఱు స్త్రీలకు గాంభీర్యము లేదనుటకు దీనినే ప్రమాణముగా చూపుదురు. ప్రాచ్యకళాశాలలలో విద్యార్థినులును ఈ శాస్త్రమును చదువుచున్నారు. వారి యెదుట ఈ వాక్యమునకు చెప్పబడు అర్థము సరియైనదా కాదా యను విచారము అవశ్యకర్తవ్యము.

ఈ విచారమే వేఱొక రూపమున పాశ్చాత్యదేశములందు చాలకాలముగా జరుగుచున్నది. ఒక్క వ్యక్తి రంగమున నిలిచి, సహపాత్రలు లేక, మాటలతోనే సభను నవ్వించు ప్రయోగమును అచ్చట స్టాండప్ కామెడీ యందురు. ఈ విద్యలో స్త్రీలు పురుషులతో సమానులా యనునది ప్రశ్న. 2007 జనవరిలో వానిటీ ఫెయిర్ పత్రికయందు క్రిస్టఫర్ హిచెన్స్ అను రచయిత, హాస్యమున స్త్రీలు పురుషులకు తీసికట్టని వ్యాసము వ్రాసెను. పురుషుడు స్త్రీని మెప్పించుటకై నవ్వింపవలసియుండును, స్త్రీకి ఆ యవసరము లేదు అనునది అతని యుక్తి. 2008లో అదే పత్రికయందు అలెస్సాండ్రా స్టాన్లీ దీనిని ఖండించెను.

భరతుడు స్త్రీలయందు హాస్యము అధికమనెను, హిచెన్స్ అల్పమనెను. ఈ రెండు వాక్యములకు విరోధము కలదా? పరిశీలించినచో విరోధము లేదు, విషయభేదము కలదు.

ప్రకరణబలము

భరతుడు హాస్యమును ఆత్మస్థమని, పరస్థమని రెండుగా విభజించెను. తాను నవ్వినచో ఆత్మస్థము; ఇతరుని నవ్వించినచో పరస్థము. ఈ విభాగమునకు పిమ్మటివారు వేఱు అర్థము చెప్పిరి. విభావమును స్వయముగా చూచి నవ్వుట ఆత్మస్థమనియు, నవ్వువానిని చూచి నవ్వుట పరస్థమనియు చెప్పు మతమును జగన్నాథపండితరాయలు రసగంగాధరమున చూపెను. ఆ యర్థము నవ్వు ఒకరినుండి యొకరికి సంక్రమించు తీరును చక్కగా వివరించును. కాని మూలమునందలి మాటలను ఉన్నవి యున్నట్లు గ్రహించినచో, నవ్వుటకును నవ్వించుటకును గల భేదమే భరతునకు వివక్షితమని తోచును.

స్త్రీలను గూర్చిన వాక్యము ఈ రెండింటిలో దేనికి చెందును? వాక్యార్థము సందిగ్ధమైనచో ప్రకరణమును ఆశ్రయింపవలెనని మీమాంసకుల మర్యాద. ఆ వాక్యమును వెన్నంటియే హాస్యమునకు ఆఱు భేదములు చెప్పబడినవి: ఉత్తములకు స్మితము, హసితము, మధ్యములకు విహసితము, ఉపహసితము, అధములకు అపహసితము, అతిహసితము. పలువరుస కనబడుట, చెక్కిళ్లు వికసించుట, కన్నుల నీరు తిరుగుట మొదలగు వీని లక్షణములన్నియు నవ్వువాని శరీరమునకు చెందినవే గాని నవ్వించువానికి చెందినవి కావు. కావున స్త్రీలయందు హాస్యము అధికమనగా వారు అధికముగా నవ్వుదురని తాత్పర్యము. నవ్వింపజాలరనిగాని, నవ్వింపరాదనిగాని ఆ వాక్యము చెప్పుట లేదు.

ఈ లోకానుభవమునకు ఆధునికసంవాదము కూడ కలదు. అమెరికాదేశపు మనశ్శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ప్రొవైన్ బహిరంగస్థలములలో సంభాషించుకొనువారిని గమనింపజేసి 1200 నవ్వులను నమోదు చేయించెను. స్త్రీ మాటాడుచుండగా పురుషుడు వినునప్పుడు, విను పురుషునికంటె మాటాడు స్త్రీయే 127 శాతము అధికముగా నవ్వినది. పురుషుడు మాటాడుచుండగా స్త్రీ వినునప్పుడు, మాటాడువాడు ఆమెకంటె 7 శాతము తక్కువగా నవ్వెను. నవ్వుట స్త్రీలకును, నవ్వించుట పురుషులకును లోకము పంచియిచ్చినదని దీని సారము. ఈ పంపకము సామర్థ్యమును బట్టి జరిగినదా, అధికారమును బట్టి జరిగినదా యనుటయే మిగిలిన విచారము.

రంగమున అధికారము

సంస్కృతరూపకములలో నవ్వించు ఉద్యోగము విదూషకునిది. రత్నావళి ప్రథమాంకమున వసంతోత్సవమున పరిచారికలు పాడుచు ఆడుచుండగా విదూషకుడు వారి నడుమ దూఱును. ద్విపదీఖండమను పేరు విని, ఆ ఖండముతో మోదకములు చేయుదురా యని యడుగును. నవ్వు పరిచారికలది, నవ్వించు మాట అతనిది. ఇది సంప్రదాయసిద్ధమైన పంపకము.

అయినను ఇందొక విశేషము కలదు. విదూషకుడు బ్రాహ్మణుడయ్యు సంస్కృతము మాటాడడు, ప్రాకృతమే మాటాడును. నాటకమున స్త్రీలకు సామాన్యముగా విధింపబడిన భాషయు ప్రాకృతమే. నవ్వింపదలచిన పురుషుడు పాండిత్యభాషను విడిచి స్త్రీలు మాటాడు మెట్టునకు దిగవలసివచ్చెను. మృచ్ఛకటికమున మైత్రేయుడు, సంస్కృతము చదువు స్త్రీని, సన్నని గొంతుతో పాడు పురుషుని చూచినచో తనకు నవ్వు వచ్చుననును. ఆ మాటను ప్రాకృతముననే పలుకుచున్నానని అతనికి స్ఫురింపదు.

స్టాండప్ ప్రయోగమునకు మన రూపకభేదములలో మిక్కిలి సన్నిహితమైనది భాణము. ఒకే యంకము, ఒకే పాత్ర. ఆ పాత్ర విటుడు. అతడు వీధిలో నడచుచు, కనబడని వారితో ఆకాశభాషితముగా సంభాషించి, వారి యుత్తరములను తానే అనువదించును. చతుర్భాణిలోని ఉభయాభిసారికాదులను చదివినవారికి, వేశ్యాజనుల చతురోక్తులు అందెన్ని కలవో తెలియును. కాని ఆ యుక్తులలో ఒక్కటియు స్త్రీకంఠమున వినబడదు. ఏమనుచున్నావని ప్రశ్నించి, ఆమె మాటను విటుడే పలుకును. ఇచ్చట స్త్రీకి చమత్కారము లేదని కవి చెప్పలేదు. చమత్కారము ఆమెదే, రంగము మాత్రము అతనిది.

కేరళదేశమున నేటికిని నిలిచియున్న చాక్యార్ కూత్తు ఇట్టిదే. చాక్యారు విదూషకవేషమున నిలిచి, సంస్కృతప్రబంధమును దేశభాషలో వ్యాఖ్యానించుచు, ఎదుట కూర్చుండిన వారినిసైతము ఎత్తిపొడుచును. ఎవరును ఎదురు చెప్పరాదని మర్యాద. నంగ్యారు ప్రక్కన కూర్చుండి తాళము వేయును. ఆమెకు ప్రత్యేకించిన నంగ్యార్ కూత్తున హస్తాభినయమునకే ప్రాధాన్యము. వాచికముతో సభను పరిహసించు స్వాతంత్ర్యము అందు లేదు. కనుక శాస్త్రమున లేని నిషేధము ప్రయోగమున ఏర్పడెనని గ్రహింపవలెను.

శాస్త్రమునందే సమాధానము

కొందఱు ఆక్షేపింపవచ్చును: స్త్రీలకు నవ్వించు సామర్థ్యమే యున్నచో, భరతుడు దానిని ఎచ్చటనైన చెప్పియుండవలెను గదా యని. చెప్పెను. ప్రథమాధ్యాయమున నాట్యోత్పత్తిని వర్ణించుచు, కైశికీవృత్తిని స్త్రీజనము లేక పురుషులు మాత్రమే ప్రయోగింపజాలరనియు, అందుకై బ్రహ్మ అప్సరసలను సృజించెననియు చెప్పెను. ఆ కైశికికి అంగములు నాలుగు: నర్మము, నర్మస్ఫూర్జము, నర్మస్ఫోటము, నర్మగర్భము. మొదటిదగు నర్మము పరిహాసస్వరూపమే. పరిహాసము ప్రథమాంగముగా గల వృత్తి స్త్రీలు లేనిదే సాగదనుట, స్త్రీలకు పరస్థహాస్యమున అధికారము కలదని చెప్పుటయే యగును. హాస్యము శృంగారమునుండి పుట్టునని భరతుడు చెప్పిన మాటకును ఇది అనుకూలము.

లక్ష్యమును కలదు. భగవదజ్జుకప్రహసనమున యమదూత పొరపాటున గణిక ప్రాణములను కొనిపోవును. పరివ్రాజకుడు ఆమె దేహమున ప్రవేశించి యోగోపదేశము చేయును. పిమ్మట గణిక ప్రాణము పరివ్రాజకుని దేహమును చేరును. గణికారూపము వేదాంతము పలుకుట, సన్న్యాసిరూపము విలాసము నటించుట — ఈ రెండును సమముగా నవ్వించును. పురుషపాత్ర భారమెంతయో స్త్రీపాత్ర భారమును అంతయే.

తెలుగునాట గొల్లకలాపమున గొల్లభామ బ్రాహ్మణునితో వాదమునకు దిగి, జన్మమాత్రమున వచ్చు గొప్పతనమును ప్రశ్నించి నవ్వుల పాలుచేయును. కోస్తాజిల్లాలలో కళావంతుల మేళములు దీనిని ప్రదర్శించుటచే ఆ పరిహాసము స్త్రీకంఠముననే సభకు వినబడెను. పెండ్లిండ్లలో ముత్తైదువలు పాడు వియ్యాలవారి పాటలు మఱియొక నిదర్శనము. వియ్యపురాలి పిసినారితనమును, పెండ్లివారి తిండిని ఎగతాళి చేయు ఆ పాటలను రచించినదియు పాడినదియు స్త్రీలే. కొఱవడినది శక్తి కాదు, రంగము.

పరీక్షలు చెప్పునది

ఆధునికులు ఈ విషయమును అంకెలతోను పరీక్షించిరి. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్ డియాగో శాఖవారు ప్రకటించిన పరిశోధనలో విద్యార్థులు, విద్యార్థినులు వ్యంగ్యచిత్రములకు వ్యాఖ్యలు వ్రాసిరి. వ్రాసినవారెవరో తెలియనీక విలువ కట్టించగా, 5 మార్కుల మానమున పురుషులకు 0.11 మాత్రమే అధికముగా వచ్చెను. అటుపిమ్మట ఏ వ్యాఖ్య ఎవరిదని యడుగగా, మిక్కిలి నవ్వు పుట్టించిన వానిని పురుషులవని పొరపాటుగా గుర్తుచేసికొనుట పరీక్షకుల యందు కానవచ్చెను. రసాస్వాదమునకు సహృదయుని వాసన కారణమని మనవారు చెప్పుదురు. ఇచ్చట వాసనయే స్త్రీ మాటను పురుషునికి కట్టబెట్టినది.

2020లో 28 పరిశోధనలను, 5057 మందిని కలిపి లెక్కించిన సమీక్షలో పురుషులకు కొంత ఆధిక్యము కనబడెను. స్త్రీల సగటుకంటె పైనున్న పురుషులు 63 శాతమని ఫలితము. భేదమే లేకున్నచో అది 50 శాతమై యుండును. ఈ భేదమును దాచుట న్యాయము కాదు. కాని అది సగటునకు చెందినది. రంగమెక్కునది సగటు మనుష్యుడు కాడు. వ్యాఖ్య వ్రాయుట సభను నవ్వించుటయు కాదు. స్వల్పమైన ఆ సగటుభేదముచేత ఏ యొక్క స్త్రీకిని రంగాధికారము తొలగదు.

రంగమెక్కినవారి చరిత్ర దీనిని బలపఱచును. అమెరికాలో ఫిలిస్ డిల్లర్ 1955లో, తన 37వ యేట, శాన్ ఫ్రాన్సిస్కోలోని పర్పుల్ ఆనియన్‌లో ప్రయోగమారంభించెను. చింపిరిజుట్టు, విచిత్రవేషము ధరించి తన రూపమునే పరిహసించుకొనెను. భరతుడు చెప్పిన వికృతాకారము, వికృతవేషము అను విభావములకు ఆమె చక్కని ఉదాహరణము. స్త్రీ ఇతరులను పరిహసించినచో సభ సహింపని దినములలో, తన్నే విభావముగా చేసికొనుట ఆమెకు దొరికిన ద్వారము. జోన్ రివర్స్ 1965లో టునైట్ షో ద్వారా ప్రఖ్యాతి పొంది, పిమ్మట ప్రముఖులనే నిర్మొగమాటముగా ఎగతాళి చేసెను. అలీ వాంగ్ 2016 నాటి ప్రదర్శనలో నిండుగర్భిణిగా నిలిచి నవ్వించెను; అందు వేషవికృతితో పనిలేకపోయెను. మనదేశమున అదితి మిత్తల్ ప్రదర్శన 2017లో నెట్‌ఫ్లిక్స్‌న వెలువడెను.

సిద్ధాంతము

పూర్వమీమాంస ఆఱవ అధ్యాయమున స్త్రీలకు యాగాధికారము కలదా యను విచారము వచ్చినప్పుడు, విధివాక్యమున పుంలింగమున్నది గావున పురుషునకే యని ఐతిశాయనుడనెను. లింగము వివక్షితము కాదనియు, ఫలమును కోరువారందఱకు అధికారము కలదనియు బాదరాయణుని మతమును జైమిని స్థాపించెను. విదూషకపదము, విటపదము పుంలింగములగుటచే పరిహాసము పురుషునిదే యనుట ఐతిశాయనుని మతము వంటిది. అర్థిత్వము, సామర్థ్యము ఉండి, నిషేధము లేనప్పుడు అధికారమును త్రోసిపుచ్చుటకు హేతువు లేదు.

కావున ఆఱవ అధ్యాయపు ఆ వాక్యమును బోధించునప్పుడు, దానికి ముందున్న ఆత్మస్థపరస్థవిభాగమును, ప్రథమాధ్యాయపు కైశికీవృత్తాంతమును కలిపి బోధించుట యుక్తము. వాక్యమును ప్రకరణమునుండి వేఱుచేసి చెప్పినచో భరతునకు లేని యభిప్రాయమును అతనికి అంటగట్టినట్లగును. శాస్త్రమును నమ్మి చదువవచ్చిన విద్యార్థినికి ఆమె నోరు మూయించు అర్థమును ఇచ్చినట్లును అగును. ఈ రెండు దోషములను తొలగించుట అధ్యాపకుని కర్తవ్యము.