కాటా చీటీ నుంచి రైతు ఖాతా దాకా: పట్టికలు కలిపే విద్య కథ

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగీపురం. శాలంకాయనులు, తూర్పు చాళుక్యులు ఏలిన చోటు. ఇప్పుడు ఆ పేరు చెబితే రైతుకు ముందు గుర్తొచ్చేది పామాయిల్. ఆయిల్ పామ్ జాతీయ పరిశోధన కేంద్రం 1995లో ఇక్కడే మొదలైంది. నేటి భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ అదే. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ కూడా ఇక్కడే ఉంది. కోసిన గెల ఎక్కువసేపు నిలవుంటే నూనెలో ఆమ్లం పెరుగుతుంది కాబట్టి తోట నుంచి నేరుగా కాటాకు వెళ్లాలి.

ఆ గెలల లెక్క ఎలా నడుస్తుందో ఊహించి చూద్దాం. రైతుల పట్టికలో ఒక్కో రైతుకు ఒక్కో వరుస ఉంటుంది: కోడ్, పేరు, ఊరు, బ్యాంకు ఖాతా. కాటా పట్టికలో ప్రతి లోడుకూ ఒక వరుస. ధరల పట్టికలో నెలకొకటి. ఈ మూడూ కలిస్తేనే ఎవరికి ఎంత ఇవ్వాలో తేలుతుంది. కలపడమంటే రెండు పట్టికల్లోనూ ఉన్న ఒకే గుర్తును, అంటే రైతు కోడ్‌నో నెలనో, పట్టుకుని వరుసకు వరుస జత చేయడం. దీన్నే కంప్యూటర్ వాళ్లు జాయిన్ అంటారు.

ఇంత సులువైన పనికీ ఒకప్పుడు పెద్ద చిక్కు ఉండేది. 1960ల చివరలో అపోలో చంద్రయాత్ర కోసం రూపుదిద్దుకున్న ఐబీఎం వారి ఐఎంఎస్‌లో సమాచారం చెట్టు కొమ్మల్లా అమరి ఉండేది. కావలసిన వివరం ఏ కొమ్మ చివర ఉందో ప్రోగ్రామర్‌కు ముందే తెలియాలి. కొమ్మలు మారితే ప్రోగ్రాములు తిరగరాయాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్‌గా పనిచేసిన గణితవేత్త ఎడ్గార్ కాడ్, ఐబీఎం శాన్ హోసే ప్రయోగశాలలో ఉండగా 1970 జూన్‌లో ఒక పత్రం అచ్చువేశారు. సమాచారాన్ని పట్టికలుగా ఉంచండి, వాటిని విలువల ఆధారంగా కలపండి, ఎక్కడ దాచారో అడిగేవాడికి తెలియాల్సిన పనిలేదు అన్నది దాని సారం. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికి భాష సమకూర్చారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. ఐబీఎం సరుకుగా అమ్మకముందే, 1979లో, తర్వాత ఒరాకిల్‌గా పేరు మార్చుకున్న సంస్థ బజారుకు తెచ్చేసింది. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. నా దృష్టిలో గత శతాబ్దపు గొప్ప ఆవిష్కరణల్లో ఆయన ఆలోచన ఒకటి. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఈ విద్య ఎస్‌క్యూఎల్ రాయని వాళ్ల చేతికి కూడా వచ్చింది బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్‌తో. మన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు చేపట్టిన మరుసటి ఏడాది, 2015 జులైలో అలాంటి సాఫ్ట్‌వేరే అయిన పవర్ బీఐ పూర్తిస్థాయిలో విడుదలైంది. దాని లైసెన్సు గురించి భయపడేవాళ్లు చాలామంది. నిజానికి పట్టికలు కలిపే పనంతా డెస్క్‌టాప్ ప్రోగ్రాంలోనే జరుగుతుంది, అది ఉచితం. తయారైన నివేదికను పదిమందితో పంచుకోవాలంటేనే ప్రో లైసెన్సు కావాలి. దాని ధర 2025 ఏప్రిల్‌లో నెలకు మనిషికి 10 డాలర్ల నుంచి 14కు పెరిగింది. ప్రోలో ఒక్కో డేటా మోడల్, అంటే కలిపిన పట్టికల సముదాయం, 1 జీబీ దాటకూడదు, రోజుకు 8 సార్లకు మించి తాజా చేయడం కుదరదు. ధర నెలకోసారి మారే సరుకుకు ఆ 8 సార్లు ఎక్కువే.

1 జీబీ మాత్రం ఆలోచించాల్సిన విషయం. ఇది కుదించాక మిగిలే పరిమాణం. పవర్ బీఐ ఇంజిన్ పట్టికను నిలువు వరుసలుగా విడదీసి, పదేపదే వచ్చే విలువను ఒక్కసారే రాసుకుని, మిగతాచోట్ల చిన్న సంఖ్య పెడుతుంది. అందుకే ఊరి పేరు లక్షసార్లు వచ్చినా పెద్దగా చోటు పట్టదు. కాటా చీటీ నంబరు అలా కాదు, ఏ రెండు వరుసల్లోనూ ఒకటి కాదు, కుదించడానికేమీ ఉండదు. సెకన్లతో సహా ఉన్న సమయం కూడా అంతే. నివేదికకు అక్కర్లేకపోతే చీటీ నంబరు తీసేయండి. తేదీని, సమయాన్ని వేర్వేరు నిలువు వరుసలు చేయండి. చాలాసార్లు పరిమితి సమస్య అక్కడితో తీరిపోతుంది. అన్నీ కలిపి ఒకే పెద్ద పట్టిక చేయాలన్న ఆత్రం కూడా వద్దు. మధ్యలో కాటా పట్టిక, చుట్టూ రైతు, ధర, తేదీ పట్టికలు పెట్టి బంధం గీస్తే చాలు.

లైసెన్సు కన్నా ప్రమాదకరమైనది తప్పు జత. ఒక నెల ధరను మధ్యలో సవరించి, ధరల పట్టికలో ఆ నెలకు రెండు వరుసలు మిగిల్చారనుకోండి. నెలను పట్టుకుని ఒకే పట్టికగా కలిపితే ఆ నెల ప్రతి చీటీ రెండుసార్లు వస్తుంది. 2 టన్నుల లోడు 4 టన్నులవుతుంది. సాఫ్ట్‌వేర్ ఏ హెచ్చరికా చేయదు. కలపక ముందు, కలిపాక మొత్తం టన్నులు సరిచూసుకోవడం ఒక్కటే రక్ష.

ఊరి పేర్లది ఇంకో తంటా. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు పెదవేగిని ఒకరు ఒక ‘డి’తో, మరొకరు రెండు ‘డి’లతో రాస్తే యంత్రానికి అవి రెండు ఊళ్లు. జిల్లా పేర్లూ స్థిరం కావు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు పశ్చిమ గోదావరి ఊళ్లతో పాటు కృష్ణా జిల్లాలోని నూజివీడు, కొల్లేటి ఒడ్డున ఉన్న కైకలూరు ప్రాంతాలూ ఇందులో చేరాయి. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. పాత లెక్కను కొత్త లెక్కతో జిల్లా పేరు మీద కలిపితే చాలా ఊళ్లకు జత దొరకదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఇచ్చింది. కలపాల్సింది దాని మీద.

సరిగ్గా కలిపితే ఏమవుతుందో కర్నూలు జిల్లా దేవనకొండ చూపించింది. మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి ఆ ప్రాంతపు 1986 నుంచి 2015 దాకా వాతావరణ లెక్కలను తాజా అంచనాలతో జోడించాయి. 2016 ఖరీఫ్‌లో 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఫోన్ సందేశాలు పంపాయి. దిగుబడి సగటున 30 శాతం పెరిగినట్టు ఆ సంస్థలు ప్రకటించాయి.

ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో చదివే పిల్లలకు ఒక మాట. డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఉచితమే, మీ ఊరి లెక్కలతోనే మొదలుపెట్టండి. రైతుల లెక్కలు రాసే కార్యాలయాలకు ఒక విన్నపం. ప్రతి చీటీ మీదా, ప్రతి జాబితాలోనూ రైతు కోడ్‌తో పాటు గ్రామ కోడ్ కూడా వేయండి.