సోల్ర్‌లో ఒక సర్వర్ ఇంకో సర్వర్‌ని ఎలా నమ్ముతుంది?

ఈరోజు టాపిక్ అపాచీ సోల్ర్. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టేశాం, ఇక సేఫ్ అనుకుంటాం కదా. మరి ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి వెళ్లే రిక్వెస్ట్ సంగతేంటి? దానికి పాస్‌వర్డ్ ఎవరిస్తారు?

ముందు సమస్య అర్థం చేసుకుందాం. సోల్ర్‌క్లౌడ్‌లో పెద్ద ఇండెక్స్‌ని ముక్కలు చేసి వేర్వేరు సర్వర్లలో పెడతాం. ముక్కని షార్డ్ అంటాం, సర్వర్‌ని నోడ్ అంటాం. మీరు "ఎర్ర చీర" అని వెతికారనుకోండి. రిక్వెస్ట్ ముందు ఏదో ఒక నోడ్‌కి వస్తుంది, దాన్ని ఏ నోడ్ అందాం. తన దగ్గరున్న షార్డ్‌లో వెతికితే సరిపోదు, అది వెళ్లి బీ నోడ్‌ని కూడా అడగాలి. మీ పాస్‌వర్డ్ చెక్ చేసింది ఏ నోడ్. బీ నోడ్‌కి మీరెవరో తెలీదు. "ఫలానా యూజర్ తరఫున అడుగుతున్నా" అంటే బీ ఎందుకు నమ్మాలి? ఆ మాట ఎవరైనా చెప్పొచ్చు కదా!

మీ పాస్‌వర్డ్‌నే ముందుకి పంపేస్తే? కొన్ని పనులకి అసలు యూజరే ఉండడు. వెనకబడిన రెప్లికా లీడర్ దగ్గర డేటా తెచ్చుకుంటుంది, అది నోడ్ సొంత పని. అక్కడ ఎవరి పాస్‌వర్డ్ పంపుతాం?

అందుకే సోల్ర్ 5.3 నుంచి పీకేఐ అనే పద్ధతి ఉంది. ఆథెంటికేషన్ ఆన్ చేస్తే ఇది కూడా డీఫాల్ట్‌గా ఆన్ అవుతుంది.

ఎలా పనిచేస్తుందో చూడండి. మామూలుగా ప్రతి నోడ్ స్టార్ట్ అయినప్పుడు ఒక ఆర్‌ఎస్‌ఏ కీల జత తయారు చేసుకుంటుంది. ప్రైవేట్ కీ తన దగ్గరే ఉంటుంది. పబ్లిక్ కీ ఎవరడిగినా ఇస్తుంది, దానికి లాగిన్ అక్కర్లేదు. ఏ నోడ్ రిక్వెస్ట్ పంపేటప్పుడు తన పేరు, యూజర్ పేరు, టైమ్ హెడర్‌లో రాసి, ప్రైవేట్ కీతో సంతకం చేస్తుంది. బీ నోడ్ ముందు జూకీపర్ లిస్ట్‌లో ఈ నోడ్ లైవ్‌గా ఉందా అని చూస్తుంది. ఉంటే దాని పబ్లిక్ కీ తెచ్చుకుని సంతకం సరిచూస్తుంది. ఆ తర్వాత టైమ్ చూస్తుంది, కొన్ని సెకన్లు దాటితే చెల్లదు. మన బస్ టికెట్ లాగే అనుకోండి, నిన్నటి టికెట్ ఈరోజు చూపిస్తే కండక్టర్ ఒప్పుకోడు.

ఇక్కడే ఒక తలనొప్పి. రెండు సర్వర్ల గడియారాలు కలవకపోతే, పాస్‌వర్డ్ కరెక్టే అయినా 401 ఎర్రర్ వస్తుంది. లోడ్ ఎక్కువై రిక్వెస్ట్ ఆలస్యమైనా అంతే. ముందు ఎన్‌టీపీ చూడండి, తర్వాతే పీకేఐఆథ్ డాట్ టీటీఎల్ సెట్టింగ్ పెంచండి. అది మిల్లీసెకన్లలో ఉంటుంది. మరీ పెంచితే దొంగిలించిన హెడర్ కూడా అంతసేపు చెల్లుతుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన విషయం. సంతకం ఎవరు, ఎప్పుడు అన్నదానికే. రిక్వెస్ట్‌లో ఏముందో దానికి కాదు. కాబట్టి టీఎల్‌ఎస్ లేకపోతే దారిలో ఉన్నవాడు డేటా చదవొచ్చు, మార్చొచ్చు, పబ్లిక్ కీ బదులు తన కీ కూడా ఇవ్వొచ్చు. అలాగే జూకీపర్‌లో ఎవరైనా రాయగలిగితే, తన మెషిన్‌ని లైవ్ నోడ్‌గా చేర్చేస్తాడు. అప్పుడు మన నోడ్లే వాడి సంతకాన్ని నమ్ముతాయి!

ఇదంతా థియరీ కాదు. 2024లో సీవీఈ-2024-45216 బయటపడింది. యూఆర్‌ఎల్ పాత్ చివర, లాగిన్ అక్కర్లేని చిరునామాలా కనిపించే నకిలీ తోక తగిలిస్తే చాలు, ఆథెంటికేషన్ దాటిపోవచ్చు. చెక్ అయిపోయాక సోల్ర్ ఆ తోకని తీసేసి, అసలు పని చేసిపెట్టేది. 5.3.0 నుంచి 8.11.4 లోపు, 9.0.0 నుంచి 9.7.0 లోపు వెర్షన్లన్నిటికీ ఈ లోపం ఉంది. అంటే తాళం గట్టిదే, పక్కన చిన్న తలుపు తెరిచి ఉంది.

సో, మీ క్లస్టర్‌లో ఇవి చెక్ చేయండి. వెర్షన్ 8.11.4 గానీ, 9.7.0 లేదా ఆపైది గానీ ఉందా? నోడ్ల మధ్య టీఎల్‌ఎస్ ఉందా? జూకీపర్‌కి ఏసీఎల్స్ పెట్టారా? 8983 పోర్ట్ బయటికి తెరిచి ఉందా? అన్ని సర్వర్ల టైమ్ ఒక్కటేనా? ఈ ఐదూ చూడ్డానికి పెద్ద టైమ్ పట్టదు.

డౌట్స్ ఉంటే కామెంట్స్‌లో అడగండి.