మీకు తెలుసా? పాంపేలో పిల్లలు చూడాల్సినవి

ఇటలీలో నేపుల్స్ నుంచి లోకల్ రైలెక్కితే గంటలోపే పాంపే చేరతాం. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కప్పెట్టేసిన రోమన్ల ఊరు అది. ఇటలీ బడుల నుంచే కాదు, బ్రిటన్ లాంటి దేశాల నుంచి కూడా టీచర్లు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. గుడులు, స్నానశాలలు ఎలాగూ చూపిస్తారు. నన్నడిగితే, ఆ ఊళ్లో ఒకప్పుడు పిల్లలు ఎలా బతికారో చెప్పే ఆనవాళ్ల దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

● పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు ఇక్కడ ప్రవేశం ఉచితం. ఏ దేశం పిల్లలైనా సరే. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాలన్నిటిలోనూ ఇదే పద్ధతి.

● బ్రిటన్‌లో లాటిన్ చదివే పిల్లల్లో చాలామంది చేతిలో ఉండేది కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్స్. అందులో మొదటి పుస్తకం పాంపేలో, కేసిలియస్ అనే ఆయన ఇంట్లో మొదలవుతుంది. ఆయన నిజంగా బతికిన మనిషే. పూర్తి పేరు లూసియస్ కేసిలియస్ యుకుండస్. వేలంపాటల్లో డబ్బు వ్యవహారం నడిపిన వ్యాపారి. 1875లో ఆయన ఇంట్లో 154 మైనపు పలకలు దొరికాయి. ఎక్కువగా చెల్లింపుల రసీదులు. మైనం పోయినా, గంటం మొన కింది చెక్కదాకా దిగడం వల్ల రాతలు చదవగలిగారు. క్లాసులో రోజూ వల్లెవేసిన పేరుగల మనిషి గడప ముందు నిలబడటం ఏ పిల్లలకైనా మామూలు సంగతి కాదు.

● రోమన్ల బడి ఎలా ఉండేదో చూపించే బొమ్మ జూలియా ఫెలిక్స్ అనే ఆవిడ ఇంటి గోడ మీద దొరికింది. ఇప్పుడది నేపుల్స్ మ్యూజియంలో ఉంది. నలుగురూ తిరిగే ఊరి నడిబొడ్డున, స్తంభాల నీడలో బడి జరుగుతోంది. కొందరు ఒళ్లో పలకలు పెట్టుకుని తలొంచుకుని కూర్చున్నారు. వాళ్ల ఎదురుగానే ఒక కుర్రాణ్ణి ఇంకొకడి వీపుమీదికి ఎక్కించి, బట్టలూడదీసి కొరడాతో బాదుతున్నారు. తోటి పిల్లలు తలెత్తడం లేదు. బడిపిల్లలకు ఈ బొమ్మ ముందు పెద్దగా వివరించాల్సిన పని ఉండదు.

● 2024లో ఇంకో ఇంట్లో, లోపలి ఆవరణ గోడ మీద బొగ్గుతో గీసిన బొమ్మలు బయటపడ్డాయి. కత్తులు పట్టిన గ్లాడియేటర్లు, అడవిపందితో తలపడే వేటగాళ్లు, ముష్టియుద్ధం చేసే ఇద్దరు మనుషులు. వాటి దగ్గరే చిన్న చెయ్యి గోడకు ఆనించి చుట్టూ గీత గీసిన గుర్తులు. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలు గీసి ఉంటారనీ, అదీ కళ్లారా చూసిన వాటినేననీ పురావస్తు శాస్త్రవేత్తలూ మనస్తత్వ నిపుణులూ కలిసి తేల్చారు. ఎక్కడ చూసి ఉంటారు? ఊరి తూర్పు కొసన ఇరవై వేల మంది పట్టే రాతి క్రీడాప్రాంగణం ఉంది. అక్కడే అయ్యుండాలి. చావుబతుకుల పోరు చూసొచ్చి, అంత పసివాళ్లు దాన్నే ఆటలా గోడకెక్కించారు. పాంపేలో నన్ను ఇంతగా కలచివేసింది మరొకటి లేదు.

● వీధి దాటడానికి వరసగా పేర్చిన ఎత్తు రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి సందుల్లోంచి బళ్లు వెళ్లిన చక్రాల గాడి కూడా.

● బూడిదలో శవాలు కుళ్లిపోయి మిగిలిన ఖాళీల్లో ప్లాస్టర్ ముద్ద పోసి ఆకారాలు తీసే పద్ధతిని 1863లో జుసెప్పె ఫియొరెల్లి అక్కడ మొదలుపెట్టారు. వాటిలో బంగారు కడియం పెట్టుకున్న మనిషి, పక్కన పసిబిడ్డ ఉన్నారు. తల్లీబిడ్డలని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. 2024లో వెలువడిన డీఎన్‌ఏ పరీక్షల ఫలితం వేరు: ఆ పెద్ద మనిషి మగవాడు, బిడ్డతో రక్తసంబంధం లేదు. మరి ఆ చివరి ఘడియల్లో బిడ్డను దగ్గరికి తీసుకున్నదెవరు? పిల్లల్ని ఇలాంటి ప్రశ్నల దగ్గరికి తీసుకెళ్లడానికే ఈ యాత్రలు.

● 1938లో ఒక ఇంట్లో మన దేశపు ఏనుగుదంతపు స్త్రీ మూర్తి దొరికింది. జానెడు పైచిలుకు ఎత్తు. పాంపే లక్ష్మి అంటారు, యక్షి అని కూడా కొందరి అభిప్రాయం. నేపుల్స్ మ్యూజియానికి వెళ్లే తెలుగు పిల్లలు తప్పక అడిగి చూడాలి.

● కొండ పేలిన రోజున అఖాతానికి అవతల మిసెనమ్‌లో పదిహేడేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. నౌకాదళాధిపతి అయిన మేనమామ, పడవలో వస్తావా అని అడిగాడు. చదువుకోవాల్సింది ఉందన్నాడు కుర్రాడు. ఆయనే ఇచ్చిన రాతపని అది. జనాన్ని కాపాడబోయిన మేనమామ తిరిగి రాలేదు. ఆ కుర్రాడు ప్లీనీ. తర్వాతెప్పుడో చరిత్రకారుడు టాసిటస్ కోరితే ఆనాటి సంగతులు రెండు ఉత్తరాల్లో రాశాడు. ఆనాటి వెసూవియస్‌లా ఎగజిమ్మే పేలుళ్లను శాస్త్రవేత్తలు ఈనాటికీ ప్లీనియన్ పేలుళ్లనే పిలుస్తారు.