గోడ కడితే సరిపోదు.. నీటి దారి తెలియాలి!

2024 సెప్టెంబరు 1. తెల్లారేసరికి కోదాడ వీధుల్లో కార్లు తేలుతున్నాయి. వరదలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. అదే రోజు నడిగూడెం మండలం కాగిత రామచంద్రపురం దగ్గర నాగార్జునసాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలు మునిగాయి. రెండేళ్ల ముందు, 2022 సెప్టెంబరులో మిర్యాలగూడ సమీపంలోని నిడమనూరు మండలంలోనూ ఇదే కాలువ తెగి నీళ్లు ఊళ్లోకి వచ్చాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో చదువుకుంటున్న మీలో చాలామందికి ఇవి కళ్లారా చూసిన సంగతులే. వాటి వెనక ఒక కెరియర్ ఉందని మాత్రం కొద్దిమందికే తెలుసు. వరద రక్షణ పనులకు ప్రణాళిక వేసి, కట్టించి, ఏళ్ల తరబడి కాపాడుకునే ఉద్యోగాలవి.

అసలు పని ఏంటి?

వరద రక్షణ అంటే నది ఒడ్డున గోడ కట్టడమేనని అనుకుంటాం. విజయవాడ అనుభవం చూడండి. 2024 వరదలో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం వచ్చింది. మూడు దశల్లో కట్టిన రక్షణ గోడ కృష్ణలంకను కాపాడింది. అవే రోజుల్లో బుడమేరు కట్టకు మూడు చోట్ల గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పెద్ద నదిని గోడ ఆపింది, చిన్న వాగు ఇంకో దిక్కు నుంచి ఊరిని ముంచింది.

మన దగ్గరా అంతే. మూసీ, పాలేరు, చెరువుల అలుగులు, సాగర్ కాలువ.. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవే. కాలువ కట్టకు అడ్డంగా వచ్చే వాగు నీరు పోవడానికి కింద తూములు వదులుతారు. అవి పూడుకుపోతే వాన నీరంతా కట్ట మీదికి తోసుకొస్తుంది. అందుకే ప్రాజెక్టు నడిపే ఇంజినీరు మొదట తేల్చుకోవాల్సింది గోడ ఎత్తు కాదు. ‘ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుంది? ఎటు పోవాలి? దారిలో ఎవరి ఇల్లుంది?’ అన్నదే మొదటి ప్రశ్న.

ఏయే దశల్లో ఎవరు కావాలి?

● సర్వే, హైడ్రాలజీ: వర్షపాతం, పాత వరద గుర్తులు, భూమి వాలు లెక్కగట్టాలి. సివిల్ ఇంజినీర్లతో పాటు జియాలజీ, జాగ్రఫీ, జీఐఎస్ చదివినవారికీ ఇక్కడ పని ఉంటుంది.

● డీపీఆర్, డిజైన్: ఎంత వరదకు తట్టుకోవాలి, ఎంత ఖర్చవుతుంది అన్నది ఇక్కడే తేలుతుంది. అంచనాల్లో తప్పు దొర్లితే అది కాంక్రీటుతో పాటు గట్టిపడిపోతుంది.

● భూసేకరణ, పునరావాసం: చాలా పనులు ఆగేది ఇక్కడే. ఖమ్మంలో మున్నేరు వెంట రక్షణ గోడల పనికీ భూసేకరణ చిక్కులు తప్పలేదు. ఒడ్డున గుడిసె వేసుకున్న కుటుంబానికి పట్టా ఉండకపోవచ్చు, బతుకుదెరువు మాత్రం అక్కడే ఉంటుంది. వాళ్లతో కూర్చుని మాట్లాడగల ఎంఎస్‌డబ్ల్యూ, సోషియాలజీ విద్యార్థులకు ఇక్కడ చాలా అవసరం ఉంది.

● నిర్వహణ: రిబ్బన్ కత్తిరించాక మొదలయ్యే పని ఇది. గేట్లకు గ్రీజు, కట్ట మీద చెట్ల తొలగింపు, పూడికతీత.. ఫొటోల్లో పడని పనులే. 2019 అక్టోబరులో మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి కొట్టుకుపోయి నీళ్లు వృథాగా దిగువకు పోయాయి. నిర్వహణ విలువ రైతులకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఎలా చేరాలి?

బీటెక్ సివిల్ చేసినవారు టీజీపీఎస్సీ ద్వారా నీటిపారుదల శాఖలో ఏఈఈ కావచ్చు. 2022లో ఏకంగా 1,540 ఏఈఈ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఇవి పలు ఇంజినీరింగ్ విభాగాలకు సంబంధించినవి. అలాంటిది ఏటా రాదు కాబట్టి సబ్జెక్టును వదలకుండా చదువుతూ ఉండాలి. డిప్లొమా వారికి ఏఈ పోస్టులున్నాయి. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ రాస్తే కేంద్ర జల సంఘంలో అవకాశం దొరుకుతుంది.

గేట్ స్కోరుతో ఎన్ఐటీ వరంగల్‌లో వాటర్ రిసోర్సెస్, ఐఐటీ రూర్కీలో హైడ్రాలజీ చదవచ్చు. విపత్తు నిర్వహణ మీద ఆసక్తి ఉంటే టిస్ ముంబయిలో పీజీ ఉంది. కన్సల్టెన్సీలు, నిర్మాణ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు నేరుగా తీసుకునే ఉద్యోగాలు వేరే.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి

ఖరీదైన కోచింగ్ అక్కర్లేదు. క్యూజీఐఎస్, వరద ప్రవాహాన్ని లెక్కించే హెక్-రాస్ సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఇస్రో ‘భువన్’ పోర్టల్‌లో మీ మండలం ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. ఎన్‌పీటెల్‌లో హైడ్రాలజీ పాఠాలు ఉచితంగా వినొచ్చు.

తర్వాత ఎండ కాలంలో ఒకసారి మీ ఊరి చెరువు కట్ట మీద నడవండి. అలుగు ఎటు పోస్తుంది? ఆ దారిలో ఇప్పుడు ఏ ఇళ్లు లేచాయి? తూము తెరుచుకుంటుందా? పెద్దమనుషుల్ని, చేపలు పట్టేవాళ్లను, కాలువ లష్కర్‌ను అడగండి. ‘నీళ్లు ఏ గోడ దాకా వచ్చినయ్’ అని అడిగితే చేయి పెట్టి మరీ చూపిస్తారు. ఆ గుర్తులన్నీ ఒక మ్యాపులో పెట్టండి. వరద వచ్చినప్పుడు మాత్రం ఫొటోల కోసం నీళ్ల దగ్గరికి వెళ్లొద్దు.

రేపు ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టు ఏం చేశావు?’ అని అడిగితే, ఇంటర్నెట్‌లో దించుకున్న రిపోర్టు కన్నా ఈ ఒక్క మ్యాపు గట్టిగా నిలబడుతుంది. దాని కాపీ ఒకటి పంచాయతీకో మున్సిపాలిటీకో ఇచ్చి రండి. కోదాడలో మునిగిన వీధులు మీకు తెలిసినంతగా హైదరాబాద్ ఆఫీసులో కూర్చున్న డిజైనర్‌కు తెలియవు. ఈ రంగంలోకి అడుగుపెట్టేటప్పుడు మీ చేతిలో ఉన్న మొదటి అర్హత అదే.