మీకు తెలుసా? హోటలు కుర్చీకి 8 ఏళ్లే ఆయుష్షు!

● తమిళనాడులోని మంసాపురంలో మీరు ఇడ్లీ తినడానికి కూర్చునే కుర్చీ ఎన్నాళ్లు బతకాలో చట్టం రాసిపెట్టిందంటే నమ్ముతారా? ఆ హోటలు కంపెనీగా నమోదైతే చాలు, 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం దాని కుర్చీలకూ బల్లలకూ 8 ఏళ్లు! అదే కుర్చీని రాజపాళయంలో ఏ మిల్లు ఆఫీసులోనో వేస్తే 10 ఏళ్లు. పొద్దున పొంగలి నుంచి రాత్రి పరోటా దాకా జనం కూర్చుని లేచే కుర్చీ త్వరగా అరుగుతుంది మరి!

● ఆ 8 ఏళ్ల పట్టీలో హోటలు కుర్చీకి తోడెవరో చెప్పుకోండి చూద్దాం! సినిమా హాలు కుర్చీలు, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే కుర్చీలు, సర్కసు కుర్చీలు... వాటి పక్కనే గ్రంథాలయం కుర్చీలు! ఈల వేసేవాళ్లనీ గుసగుస కూడా వద్దనేవాళ్లనీ ఒకే వరసలో కూర్చోబెట్టిన ఈ పట్టీ అంటే నాకు భలే ఇష్టం.

● 1,000 రూపాయల హోటలు కుర్చీ రోజుకు దాదాపు 33 పైసలు అరుగుతుంది! చివరికి పాత సామాను ధర కింద 5 శాతం, అంటే 50 రూపాయలు మిగులుతుందనుకుని, తక్కిన 950ని 8 ఏళ్లకు సమంగా పంచితే తేలే లెక్క ఇది.

● మరి పన్ను లెక్కలో? అక్కడ ఇదే కుర్చీకి 20 ఏళ్ల తర్వాత కూడా 121 రూపాయలకు పైగా విలువ ఉంటుంది! ఏటా మిగిలిన విలువలోనే 10 శాతం కోస్తారు కాబట్టి అది తగ్గుతూనే ఉంటుంది తప్ప ఎప్పటికీ సున్నా కాదు. ఒకే కుర్చీ, ఒక పుస్తకంలో ఎప్పుడో ముసలిది, ఇంకో పుస్తకంలో ఇంకా బతికే ఉంది!

● తాతల నాటి బావికి ఎంత ఆయుష్షు ఉంటుందనుకుంటున్నారు? షెడ్యూలులో బావికీ బోరుబావికీ 5 ఏళ్లే! కుర్చీ కంటే 3 ఏళ్లు తక్కువ.

● సామాను తెచ్చే కారుకు 8 ఏళ్లు, స్కూటరుకు 10. బిల్లు కొట్టే కంప్యూటరుకు 3, కాంక్రీటు భవనానికి 60. అంటే ఒక్క భవనం 20 తరాల కంప్యూటర్లను చూస్తుందన్నమాట!

● కొత్త గ్రైండరు ధరలో లారీ కిరాయి, బిగింపు కూలి, సరిగ్గా తిరుగుతోందో లేదో చూసిన ఖర్చు కలపొచ్చు. కానీ హోటలు ప్రారంభోత్సవానికి పెట్టిన ఖర్చు ఒక్క రూపాయి కూడా కలపకూడదు! వంటవాళ్లకు ఆ గ్రైండరు వాడడం నేర్పించిన ఖర్చుకూ అదే మాట. అది ఆ ఏటి ఖర్చే తప్ప ఆస్తి కాదు.

● ఇది వింటే ముక్కున వేలేసుకుంటారు! హోటలుకు అద్దెకు తీసుకున్న హాలు ఖాళీ చేసేటప్పుడు, బిగించినదంతా ఊడదీసి, ముందున్నట్టే అప్పగించాలని ఒప్పందం ఉందా? ఎప్పుడో ఏళ్ల తర్వాత పీకేసే ఆ ఖర్చును అంచనా కట్టి, బిగించిన రోజే ఆస్తి విలువలో కలపాలి.

● 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై బల్లలన్నీ బోర్లించి పెట్టినా, పుస్తకాల్లో వాటి తరుగుదల ఆగలేదు! ఏళ్ల లెక్కన అరిగే వస్తువు ఊరికే పడి ఉన్నా అరుగుతున్నట్టే లెక్క.

● అమెరికా కంపెనీ మెక్‌డొనాల్డ్స్ తన వార్షిక నివేదికలో పరికరాలకు 3 నుంచి 12 ఏళ్లు, భవనాలకు 40 ఏళ్ల దాకా వేసుకుంటుంది. మన కంపెనీలూ షెడ్యూలు చెప్పిన ఏళ్లు కాక వేరే ఆయుష్షు వేసుకోవచ్చు, కాకపోతే కారణం చూపించి నివేదికలో రాయాలి.

● అన్నిటికంటే వింత చివరికి దాచాను! పడమటి కనుమల దిగువన ఒక హోటలు కంపెనీ చట్నీ కోసం సొంతంగా కొబ్బరితోట పెంచితే, ఆ చెట్లను ఎక్కడ రాస్తారు? కుర్చీలూ గ్రైండర్లూ ఉండే స్థిరాస్తుల పద్దులోనే! ఏళ్ల తరబడి కాపునిచ్చే చెట్టుకు యంత్రం లాగే తరుగుదల వేస్తారు. దాని కింది నేలకు మాత్రం తరుగుదల లేదు.