మానేసిన పనుల చిట్టా

తుంటి కీలు అరిగింది. మార్పించుకోవాలా, ఆగాలా?

తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయని సామెత. తుంటి అరిగినవాళ్ల బాధా అలాంటిదే. పుట్టేది ఒకచోట, బయటపడేది మరోచోట. గజ్జల్లో పోటు, తొడలో సలుపు, ఒక్కోసారి ఉత్త మోకాలి నొప్పి. మోకాలికి తైలాలూ నడుముకు బెల్టులూ అయ్యాక ఏ డాక్టరో పాదం పట్టుకుని కాలిని లోపలికి తిప్పబోతే అది తిరగదు. ఎక్స్‌రేలో తుంటి కీలు బంతికీ గిన్నెకీ మధ్య సందు కనిపించదు.

అంతమాత్రాన సర్జరీ ఖాయమైనట్టు కాదు. ఎక్స్‌రే ఘోరంగా ఉన్నా పొలానికి వెళ్లొచ్చేవాళ్లున్నారు. కాస్త అరుగుదలకే రాత్రిళ్లు నిద్రలేనివాళ్లూ ఉన్నారు. చూసుకోవాల్సింది మానేసిన పనుల చిట్టా. కింద కూర్చుని భోంచేసి ఎన్నాళ్లయింది? కాలిగోళ్లు ఎవరు తీస్తున్నారు? బస్సు మెట్టుకు జడిసి ఎన్ని పెళ్లిళ్లు ఎగ్గొట్టారు? ఒక్కోటిగా వదిలేశాం కాబట్టి మనకు గుర్తుండవు. ఇంట్లోవాళ్లను అడిగితే చెబుతారు.

కిర్రుమన్న కీలు

1950లలో ఇంగ్లండు సర్జన్ జాన్ చార్న్‌లీ దగ్గరికి ఒకాయన వచ్చాడు. ఆయన తుంటిలో అంతకుముందే వేసిన అక్రిలిక్ బంతి కదిలినప్పుడల్లా కిర్రుమనేది. ఆ చప్పుడు భార్య భరించలేకపోయేదట. అక్కణ్నుంచి చార్న్‌లీ రాపిడి వెంట పడ్డారు. మొదట వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొన్నేళ్లకే అరిగిపోయాయి. 1962లో గట్టి పాలిథిలీన్ గిన్నె, అందులో చిన్న స్టీలు బంతి పెట్టారు. అది నిలిచింది. 2007లో వైద్య పత్రిక ‘లాన్సెట్’ తుంటి మార్పిడిని శతాబ్దపు సర్జరీ అంది.

ఎన్నేళ్లు మన్నుతుంది?

2019లో లాన్సెట్ ప్రచురించిన విశ్లేషణ ప్రకారం మార్చిన తుంటి కీళ్లలో నూటికి సుమారు 58 25 ఏళ్లపాటు నిలుస్తాయి. 70 ఏళ్లు దాటాక చేయించుకుంటే మళ్లీ సర్జరీ అవసరమయ్యే అవకాశం జీవితకాలంలో 5 శాతం. 50ల మొదట్లో ఉన్న మగవాళ్లకు అది 35 శాతం దాకా ఉండొచ్చని 2017 నాటి బ్రిటన్ అధ్యయనం. చిన్న వయసువాళ్లను డాక్టర్లు ఆగమనేది అందుకే.

ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. బరువు తగ్గాలి, తొడ కండరాలకు వ్యాయామం చేయించాలి, నొప్పి లేనివైపు చేత్తో కర్ర పట్టాలి. ఇవన్నీ చేసినా నిద్ర, నడక దక్కకపోతే ఇక నెట్టుకురావడంలో అర్థం లేదు. కండ కరిగాక చేయించుకుంటే కోలుకోవడం కష్టం.

సర్జరీకీ ముప్పులున్నాయి. ఇన్‌ఫెక్షన్, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, బంతి జారడం, కాళ్ల పొడవులో తేడా. అందుకే ముందుగా షుగరు అదుపులో పెట్టుకోవాలి, పంటి చీముంటే వదిలించుకోవాలి.

రెండు వరసలు

డాక్టరు దగ్గరికి ఆ చిట్టా పట్టుకెళ్లండి. ఏవి తిరిగొస్తాయి, ఏవి రావు అని గీత గీయమనండి. నిద్ర, నడక, బస్సు మెట్టు చాలామందికి తిరిగొస్తాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వాడటం మాత్రం ఎప్పటికీ వద్దనవచ్చు. గీతకు ఇవతలున్నవి చాలనిపిస్తే తేదీ అడగండి. మీకు కావాల్సింది అవతలే ఉంటే, ఆ సంగతి ఆపరేషన్ బల్ల ఎక్కకముందే తెలియాలి.