కొండలేని గిరిజనులకు సీటెక్కడ?

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో షెడ్యూల్డు తెగలకు ఏడు స్థానాలున్నాయి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. కృష్ణానదికి దక్షిణాన ఒక్కటీ లేదు. 2011 జనగణన ప్రకారం నెల్లూరు జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగలవారు దాదాపు పదో వంతు. వారిలో అత్యధికులు యానాదులు, తర్వాత ఎరుకలు. అప్పటి జిల్లాలో శాసనసభ స్థానాలు పది. గూడూరు, సూళ్లూరుపేట ఎస్సీలకు రిజర్వయ్యాయి. తక్కిన ఎనిమిదీ జనరల్. పదో వంతు జనానికి పదింట ఒక్కటీ దక్కకపోవడం యాదృచ్ఛికం కాదు. చట్టమే అలా ఉంది.

2002 నాటి నియోజకవర్గాల పునర్విభజన చట్టం ఎస్సీ స్థానాలను రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాలకు పంచాలని చెప్పింది. ఎస్టీ స్థానాలను మాత్రం వారి జనాభా నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోటనే ఉంచాలంది. అయితే ఎన్ని స్థానాలు రిజర్వు చేయాలో తేల్చేటప్పుడు రాష్ట్రంలోని ఎస్టీ జనాభా మొత్తాన్నీ లెక్కిస్తారు. అంటే యానాది తల లెక్కకు పనికొస్తుంది, సీటుకు పనికిరాదు. ఇందులో ఏజెన్సీ ఆదివాసుల తప్పేమీ లేదు. తప్పు, తెగను భూభాగంతో ముడిపెట్టి మాత్రమే చూడగలిగే రాజ్యానిది.

గిరిజనుడనే మాటలోనే గిరి ఉంది. ఐదో షెడ్యూలు, 1/70 భూబదలాయింపు నిబంధన, పీసా చట్టం అన్నీ షెడ్యూల్డు ప్రాంతాలకే పరిమితం. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ ఉన్నా దానికి మైదానంలో చెదిరిన కాలనీలే తప్ప తనదంటూ ఒక ప్రాంతం లేదు. 2023లో కేంద్రం ప్రారంభించిన పీఎం జన్‌మన్ పథకం ప్రత్యేకించి బలహీనమైన తెగలకు ఉద్దేశించింది. ఆ జాబితాలో చెంచులున్నారు, యానాదులు లేరు.

అనంతసాగరం మండలాన్నే తీసుకుందాం. 78 టీఎంసీల సోమశిల జలాశయం ఉన్నది ఇక్కడే. చేపల వేట, కూలి, కాపలా ఇక్కడి యానాదుల బతుకుతెరువు. ఇవి కడుపు నింపనప్పుడు వారు ఆత్మకూరుకో నెల్లూరుకో కదులుతారు. ఊళ్లో చెరువుగట్టున ఉన్నవారు పట్టణంలో కాలువగట్టుకు చేరతారు. పారిశుధ్యం పనులు, రిక్షా, ఇటుకబట్టీ వారికి మిగిలిన దారులు. స్థిరమైన చిరునామా ఉండదు కనుక రేషన్ కార్డూ, కులధ్రువీకరణ పత్రమూ చేతికందవు. పత్రం లేనివాడికి పథకం లేదు. దేశంలో పట్టణాల్లో ఉంటున్న షెడ్యూల్డు తెగలవారు 2011 నాటికే కోటి దాటారు. వారి కోసం ఆలోచించిన పట్టణ విధానం నాకైతే ఎక్కడా కనిపించదు.

నెల్లూరు మేయర్ పదవి 2021లో ఎస్టీలకు రిజర్వయింది కదా అని నా విద్యార్థులు అడుగుతుంటారు. నిజమే, అది చిన్న విషయం కాదు. స్థానిక సంస్థల్లో సభ్యుల స్థానాలకు రాజ్యాంగం జనాభా నిష్పత్తిని అక్కడికక్కడే లెక్కిస్తుంది, మేయర్ పదవుల రిజర్వేషన్‌ను రాష్ట్ర చట్టానికి వదిలింది. మైదానంలోనూ ఎస్టీ ప్రాతినిధ్యం సాధ్యమనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ మేయర్ రిజర్వేషన్ వంతులవారీగా మారుతుంది. భూమి, నిధులు, చట్టాలు తేలేది శాసనసభలో.

పార్టీల తీరు దీన్నిబట్టే అర్థమవుతుంది. ఎస్టీ అభ్యర్థిని నిలపాల్సిన నియోజకవర్గం జిల్లాలో లేనప్పుడు ఎస్టీ నాయకుణ్ణి తయారుచేయాల్సిన అవసరం ఏ పార్టీకీ రాదు. కాలనీకి ఒక పెద్దను పట్టుకుంటే చాలు. ఓటు అడిగే ఆసామీ, పనికి అడ్వాన్సు ఇచ్చే ఆసామీ చాలాచోట్ల ఒక్కరే. ఆ అప్పు తీరేదాకా ఓటు స్వేచ్ఛ గురించి మాట్లాడటం వృథా.

ఈ సంబంధానికి చరిత్ర ఉంది. ఎరుకలను వలస ప్రభుత్వం మొదట పోలీసు రిజిస్టర్లలోనే నమోదు చేసింది. బిట్రగుంట దగ్గరి కప్పరాళ్లతిప్ప అలాంటి సెటిల్మెంటే. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయింది. యానాదుల కోసం జీవితాన్ని వెచ్చించిన వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి కృషి గౌరవించదగినది. కానీ అప్పటి నుంచి ఇప్పటిదాకా యానాదుల గురించి ఇతరులే మాట్లాడుతున్నారు. నిందితుడు లబ్ధిదారుడయ్యాడు, ప్రతినిధి మాత్రం కాలేదు.

ఇప్పుడొక అవకాశం వస్తోంది. తదుపరి పునర్విభజనకు పార్లమెంటు కొత్త చట్టం చేయాలి. విభజన చట్టంలోని 26వ సెక్షన్ రాష్ట్ర శాసనసభ స్థానాలను 175 నుంచి 225కు పెంచుతామంది. స్థానాలు పెరిగితే ఏజెన్సీలో ఒక్కటి తగ్గించకుండానే మైదానానికి ఇవ్వొచ్చు. ఎస్టీ స్థానాలనూ వివిధ ప్రాంతాలకు పంచాలన్న ఒక్క వాక్యం ఆ చట్టంలో చేరితే చాలు. యానాదులు మెజారిటీ కారు కదా అనేవారు గూడూరును చూడాలి. ఎస్సీలు అక్కడ మెజారిటీ అయినందుకు ఆ సీటు రిజర్వు కాలేదు.

చట్టం మారేదాకా ఆగనవసరం కూడా లేదు. జనరల్ స్థానంలో ఎస్టీని నిలపవద్దని రాజ్యాంగం ఎవరికీ చెప్పలేదు. ఆత్మకూరులోనో, ఉదయగిరిలోనో, నెల్లూరు నగరంలోనో ఒక యానాదికి టిక్కెట్టు ఇచ్చే ప్రధాన పార్టీ ఏది? ఓటు అడగడానికి కాలనీకి వచ్చిన ప్రతి నాయకుణ్ణీ ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.